జడ, కొప్పు: అలంకారం చాటున కేశరక్షణ – పొందూరు నూలు పరిభాష వెలుగులో ఒక పరిశీలన

కీలకపదాలు: జడ, కొప్పు, పొందూరు, ఏకడం, పాయ, స్త్రీ శ్రమ, శిరోముండనం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శలో స్త్రీ కురులు ప్రధానంగా వర్ణన ప్రకరణంలోనే చర్చకు వస్తాయి. తుమ్మెదలతో, మేఘంతో, పాముతో పోలికలను విస్తారంగా పరిశీలించాం. ఆ కురులు నిలవడానికి స్త్రీలు ఇంటింటా చేసిన పనిని అంతగా పట్టించుకోలేదు. జుట్టు చిక్కుపడకుండా, కొసలు తెగకుండా అల్లి లేదా ముడిచి ఉంచే పద్ధతిని 'రక్షక కేశబంధం' అనవచ్చు. ఈ భావనకు నేటి ప్రచారం ప్రధానంగా ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీల అనుభవం నుంచి వచ్చింది. అల్లిన జడల వంటి కేశశైలుల కారణంగా బడిలో, కొలువులో చూపే వివక్షను కాలిఫోర్నియా రాష్ట్రం 2019లో 'క్రౌన్' చట్టంతో నిషేధించింది. తెలుగువారి జడ, కొప్పు కూడా ఈ దృష్టితో పరిశీలించదగినవని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

2. నూలు, కురులు: ఉమ్మడి పరిభాష

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నఖాదీకి ప్రసిద్ధి. అక్కడి స్త్రీలు గింజ తీయని పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ దవడలోని సన్నని పళ్లు నలుసులను తొలగించి, పోగులను తెంచకుండా ఒక వరుసకు తెస్తాయి. గింజ తీయడం, ఏకులు చుట్టడం, రాట్నంపై వడకడం ఆ తరువాతి పనులు.

తల దువ్వడంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. నూనె రాసి, చిక్కు తీసి, దువ్వెనతో సవరించి, మూడు పాయలు చేసి అల్లుతారు. అల్లిన జుట్టుకు ఒరిపిడి తక్కువ. గాలికి చెదిరి చిక్కుపడదు. చిక్కు, పాయ, ముడి, పురి, అల్లిక అనే మాటలు నూలుకూ కురులకూ సమానంగా వర్తిస్తాయి. ఒక పని నుంచి మరొకటి పుట్టిందని దీని అర్థం కాదు. పీచును తెగకుండా కాపాడే నేర్పు రెండు చోట్లా ఒకటేనని ఈ పదజాలం సూచిస్తుంది.

3. మాటల సాక్ష్యం

'జడ' సంస్కృత 'జటా' శబ్దభవం. దువ్వక అట్టకట్టిన జుట్టును తెలిపే మాట, తెలుగులో దువ్వి అల్లిన జుట్టుకు స్థిరపడింది. ఈ అర్థపరిణామంలో సంరక్షణ చరిత్ర దాగి ఉంది. 'జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే' అనే సామెత కలిమిని ఉద్దేశించిందే అయినా, కొప్పు కన్నా ముందు జుట్టు నిలవాలన్న ఎరుక అందులో ఉంది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెరపై వేసే జడ ఆమె అతిశయానికి చిహ్నం. దానిని అల్లిన చేతులు మాత్రం తెర వెనుకే ఉంటాయి.

4. రక్షణకు హద్దులు

ప్రతి జడా రక్ష కాదు. నిత్యం బిగించి కట్టే జుట్టు నుదుటి అంచున రాలిపోతుందని గ్రీన్‌లాండ్ స్త్రీల విషయంలో 1907లోనే వైద్యులు నమోదు చేశారు. బిగువు ఎంత ఉండాలో తెలియడమూ ఈ విద్యలో భాగమే.

సామాజికమైన హద్దు ఇంకా కఠినమైనది. బ్రాహ్మణాది కులాల్లో భర్త మరణించిన స్త్రీకి శిరోముండనం విధించేవారు. ఏళ్ల తరబడి తల్లి, అమ్మమ్మ కాపాడిన కురులపై ఆ స్త్రీకి హక్కు లేకపోయింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన వితంతు వివాహాన్ని, 1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమైన గురజాడ 'కన్యాశుల్కం'లోని బుచ్చమ్మ కథను ఈ నేపథ్యంలోనూ చదవాలి. అక్కడ చర్చకు వచ్చినది వివాహమే అయినా, స్త్రీకి తన దేహంపై గల అధికారమూ దానితో ముడిపడి ఉంది.

5. ముగింపు

జడను అలంకారంగానే చూస్తే దాని వెనుక ఉన్న శ్రమ, జ్ఞానం, అధికారం మూడూ మరుగునపడతాయి. పొందూరులో పత్తి ఏకే పనిని చేతివిద్యగా గౌరవిస్తున్నాం. తలదువ్వి జడ వేసే పనికీ ఆ గౌరవం దక్కాలి. దువ్వెన, జడ, కొప్పులకు సంబంధించిన ఉత్తరాంధ్ర మాండలిక పదాలను పెద్దవయసు స్త్రీల నుంచి సేకరించడం ఆ దిశగా తొలి మెట్టు.