మద్రాసు పిట్టకు బెంగాల్ పేరు

విజయదశమి పొద్దున్నే ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళ ఫోన్లకు పండగ సందేశాలతో పాటు పిట్టబొమ్మలూ వస్తుంటాయి. రైలు పట్టాల పైన కరెంటు తీగ, దాని మీద పాలపిట్ట. తెల్లారగట్ల దర్శనం దొరికినవాళ్ళు దొరకనివాళ్ళకు పంచే ప్రసాదం అది. అదే బొమ్మను పక్కింటి బెంగాలీ బాబుకు పంపితే "నీల్‌కొంఠో!" అని బదులొస్తుంది. పిట్ట ఒకటే, పండగా ఒకటే. కథ మాత్రం వేరు.

ముందు తీగ సంగతి. పాలపిట్ట గుబురుల్లో దాక్కునే రకం కాదు. ఎత్తయిన బోడి చోట కూర్చుని, కింద గడ్డిలో మిడత కదిలితే దబ్బున వాలుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడి ఎర్రమట్టి నేల మీద జంక్షన్ కట్టింది, వర్క్‌షాపు పెట్టింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన జనం కొలువులకు దిగారు. మనుషులకు జీతం, పిట్టకు తీగ: రెండూ రైలు చలవే. కూర్చున్నంతసేపూ అది మట్టిరంగు ముద్ద. రెక్క విప్పితేనే నీలం. అందుకే కెమెరా పట్టినవాళ్ళు అది ఎగిరే క్షణం కోసం మెడలు పట్టేసేదాకా కాచుకుంటారు.

మన దగ్గర దసరానాడు పాలపిట్ట కనబడితే శుభం. తెలంగాణకు అది రాష్ట్ర పక్షి కూడా. బెంగాల్లో దాని ఉద్యోగం వేరు, వార్తాహరుడిది. పుట్టింటి నుంచి ఉమ బయల్దేరిందని కైలాసంలో శివుడికి ముందుగా కబురు చేరవేసేది అదేనని నమ్మకం. కలకత్తాలో శోభాబజార్ రాజబాడి లాంటి పెద్దింటివాళ్ళు దశమినాడు నిజం పిట్టనే గాలిలోకి వదిలేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత ఆ ముచ్చట కుదరలేదు. ఇప్పుడు మట్టితో చేసిన నీల్‌కంఠాన్ని సాగనంపుతున్నారు. పంజరంలో పాలపిట్టను తెచ్చి డబ్బుకు దర్శనం చేయించే అలవాటు మన వైపు ఇంకా పూర్తిగా పోలేదు. ఈ ఒక్క విషయంలో బెంగాలీలకు మార్కులు వేయక తప్పదు.

ఇక దాని శాస్త్రీయ నామం చూడండి: కొరాసియస్ బెంగాలెన్సిస్. 1758లో లినేయస్ ఈ పక్షికి బెంగాల్ పేరు తగిలించాడు. ఆయనకు ఆధారం ఒక బొమ్మ. ఎలియాజర్ ఆల్బిన్ అనే ఆంగ్లేయుడు 1731లో 'బెంగాల్ జే' పేరుతో వేసిన చిత్రమది. ఆల్బిన్ దాన్ని జోసెఫ్ డాండ్రిడ్జ్ గీసిన బొమ్మ చూసి దింపాడు. ఈ డాండ్రిడ్జ్ పట్టుబట్టలకు డిజైన్లు గీసే మనిషి. ఆయన ముందున్న చచ్చిన పిట్ట ఎక్కడిదయ్యా అంటే, మద్రాసులోని సెయింట్ జార్జి కోటది! బొమ్మ చేతులు మారేసరికి ఊరు మారిపోయింది. తాతల నాటి నుంచి ఖరగ్‌పూర్‌లోనే ఉన్న తెలుగువాణ్ణి "మద్రాజీ" అనేవాళ్ళు ఇప్పటికీ తగులుతారు. మద్రాసు పిట్ట మాత్రం రెండున్నర శతాబ్దాలుగా బెంగాలీగా చలామణీ అవుతోంది.

పిట్టబొమ్మల పిచ్చికి బెంగాల్లో అంత పాత చరిత్రే ఉంది. మహారాజా నందకుమార్‌కు ఉరిశిక్ష వేసిన కలకత్తా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎలైజా ఇంపే పేరు చరిత్ర పాఠాల్లో విన్నదే. ఆయన భార్య మేరీ ఇంపే కలకత్తా ఇంటి తోటలో పక్షులనూ జంతువులనూ సాకింది. 1777 నుంచి పట్నా చిత్రకారులు షేక్ జైనుద్దీన్, భవానీ దాస్, రామ్ దాస్‌ల చేత వాటి బొమ్మలు వేయించింది. కాగితం ఇంగ్లండుది, చేయి మొగలాయి సంప్రదాయానిది. ప్రతి ఈకా విడిగా లెక్కపెట్టుకోవచ్చు. వీలైనచోట పక్షిని అసలు కొలతలోనే గీశారు. మొత్తం 300కు పైగా బొమ్మల్లో ఎక్కువ భాగం పక్షులే. కుటుంబం ఇంగ్లండుకు తిరిగి వెళ్ళాక అక్కడ జాన్ లేథమ్ ఆ బొమ్మల ఆధారంగా పక్షులను వర్ణించాడు. 1810లో అవి వేలానికి వెళ్ళి చెల్లాచెదురయ్యాయి. హిమాలయ మోనాల్ శాస్త్రీయ నామంలో ఇంపే దొరసాని పేరు స్థిరపడింది. గీసినవాళ్ళ పేర్లు మాత్రం బొమ్మల కింద పారశీ రాతలోనే ఉండిపోయాయి.

తెలుగు పేర్లకు కూడా కలకత్తాలోనే ఒక ఆసరా దొరికింది. కొంతకాలం నెల్లూరులో సివిల్ సర్జన్‌గా చేసిన టి.సి. జెర్డన్ తన 'బర్డ్స్ ఆఫ్ ఇండియా'ను 1862-64 మధ్య కలకత్తాలో ప్రచురించాడు. అందులో పక్షుల హిందీ, బెంగాలీ పేర్ల పక్కన తెలుగు పేర్లూ చేర్చాడు. పాలపిట్ట అన్న పేరు ఎందుకొచ్చిందో కూడా రాశాడు: ఆవు పాలు తగ్గిస్తే ఈ పిట్ట ఈకలు తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయని జనం నమ్మేవారట. పాపం, పిట్టకు ఆ మంచిపేరు ఎంత ఖరీదైందో! మన కడప అడవుల కలివి కోడికి ఇంగ్లీషులో ఉన్నది ఈ జెర్డన్ పేరే. ఇక లేదనుకున్న ఆ పక్షి 1986లో మళ్ళీ కనబడింది.

ఇప్పటి బొమ్మలు ఫోన్లలో తిరుగుతున్నాయి. చలికాలం ఆదివారాల్లో ఖరగ్‌పూర్ నుంచి హౌరా లోకల్ ఎక్కితే దారిలో సాంత్రాగాచి వస్తుంది. స్టేషన్ పక్కనే రైల్వేవారి చెరువు. గుర్రపుడెక్క తీసేస్తూ, పక్షులు వాలడానికి కొన్ని దిబ్బలుగా వదులుతారు. వాటి మీద ఈల వేసే బాతులు వేలల్లో దిగుతాయి. బెంగాలీలు వాటిని సొరాల్ అంటారు. గట్టున పొడుగు లెన్సులవాళ్ళు, పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న తండ్రులు, పల్లీలమ్మేవాళ్ళు. మొదటిసారి చూసిన పక్షిని 'లైఫర్' అంటారు. దాని బొమ్మ దొరికిన రోజు టీ ఖర్చు ఆ మనిషిదే. గూడు మీదున్న తల్లిపక్షి బొమ్మ తీసి పంచితే మాత్రం చీవాట్లే. అరుదైన గుడ్లగూబ ఎక్కడుందో చెప్పకపోవడం కూడా ఇక్కడ మర్యాదే.

సాయంత్రం లోకల్‌లో తిరిగి వస్తూ అందరూ బొమ్మలు ఇచ్చిపుచ్చుకుంటారు. "ఇది మాఛ్‌రాంగా, మా రాష్ట్ర పక్షి" అంటాడు బెంగాలీ బాబు. "మా లకుముకి పిట్ట కదండీ" అంటాడు తెలుగాయన. ఎదుటి సీటు పిల్లాడు మెడ చాచి చూసి, ఆ ఫోటో తనకూ పంపమంటాడు.