అనుభవం ఒకచోట, అధికారం ఒకచోట: తెరమీది పోలీసు జంటలు

తెరమీది నేరపరిశోధన కథలలో ఒక జంట పదేపదే కనబడుతుంది. ఒకరు తలనెరసిన పోలీసు, మరొకరు నిన్నగాక మొన్న కొలువులో చేరిన కుర్రవాడు. ఈ ఒరవడికి తొలినాటి ప్రసిద్ధ రూపాలలో ఒకటి 1949లో కురొసావా తీసిన జపాను చిత్రం ‘స్ట్రే డాగ్’. పిస్తోలు పోగొట్టుకొన్న యువ డిటెక్టివు మురకామికి అనుభవజ్ఞుడైన సాతో దారి చూపుతాడు. అమెరికా టెలివిజన్‌లో 1968లో మొదలైన ‘ఆడమ్-12’లో మలాయ్ అనే పాతకాపు, రీడ్ అనే కొత్తవానికి గస్తీ నేర్పుతాడు. 1972 నాటి ‘ది స్ట్రీట్స్ ఆఫ్ శాన్‌ఫ్రాన్సిస్కో’లో కార్ల్ మాల్డెన్, మైకేల్ డగ్లస్‌ల జంటదీ ఇదే పోకడ.

ఇందులో గమనింపదగిన సంగతి ఒకటున్నది. అమెరికాలో సాధారణంగా ప్రతి పోలీసూ గస్తీతోనే కొలువు మొదలుపెడతాడు. కనుక నేర్పేవాడే పెద్దవాడు. మా ఎమ్మిగనూరు మగ్గాల దగ్గరా అంతే.

మన పోలీసు వ్యవస్థ తీరు వేరు. చదువుకొన్నవారిని నేరుగా సబ్‌ఇన్‌స్పెక్టర్లుగా తీసుకోవాలని 1902-03 నాటి పోలీసు కమిషన్ సూచించింది. అప్పటికి మా ఆదోని మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953లో ఆంధ్రరాష్ట్రంలో చేరింది. ప్రభుత్వాలు మారాయి, జిల్లా మారింది, పోలీసు కొలువు గుమ్మాలు మాత్రం వేర్వేరుగానే మిగిలాయి. ముప్పయ్యేళ్ల సర్వీసున్న హెడ్ కానిస్టేబులు, పాతికేళ్ల ఎస్సైకి సెల్యూట్ చేసి, ఆపై ఊరి గుట్టుమట్లన్నీ ఆయనకే విప్పి చెప్పాలి. నా వద్ద చదివినవారిలో ఈ రెండు గుమ్మాల వారూ ఉన్నారు. వాచకం ఒకటే, వందనం మాత్రం ఒకవైపే.

ఈ సత్యాన్ని మన ధారావాహికలు ఆలస్యంగా పట్టుకొన్నాయి. 2019 నాటి ‘ఢిల్లీ క్రైమ్’లో డీసీపీ వర్తిక, శిక్షణలోని నీతి ఇద్దరూ ఐపీఎస్‌లే గనుక పాత మూస సరిపోయింది. ‘పాతాళ్ లోక్’ ముందుకు వెళ్లింది. 2020లో ఇన్‌స్పెక్టర్ హాథీరామ్ చేతికింద పనిచేసిన అన్సారీ, 2025 నాటి రెండవ భాగంలో ఐపీఎస్ అధికారిగా వస్తాడు. గురువు ఇన్‌స్పెక్టరుగానే ఉంటాడు. ఇది అరువు తెచ్చుకొన్న కథ కాదు, అచ్చంగా మనది.

శిష్యుడు తన్ను మించితే గురువుకు ఆనందమే. కాని ఈ హెచ్చుతగ్గులు విద్యవల్ల వచ్చినవి కావు, ప్రవేశించిన గుమ్మంవల్ల వచ్చినవి. మన కథలలో తరచు నవ్వుకోసమే కనబడే ఆ హెడ్ కానిస్టేబులును నాయకునిగా నిలబెట్టే తెలుగు ధారావాహిక వస్తే చూడాలని నా కోరిక.