డికెన్సును చదివిన బాలిక

పిల్లలు నవలలు చదువుట మేలా కీడా యను ప్రశ్న మన యిండ్లలో నేటికిని తీఱలేదు. ఇరువది సంవత్సరములకు పైగా ఉపాధ్యాయవృత్తియందున్న మా యొద్దకు ఈ ప్రశ్న ఏదో యొక రూపమున వచ్చుచునే యుండును. ఇటీవల ఒక గృహస్థుడు మా యింటికి వచ్చి, తన కుమార్తె పాఠ్యపుస్తకము ముట్టుటలేదనియు, ఒకే రచయిత నవలలను వరుసగా చదువుచున్నదనియు, చదివినవానినే మరల చదువుచున్నదనియు చెప్పి, "మీ మాట వినునండీ, మీరు చెప్పి మాన్పింపుడు" అని కోరెను. మేము ఆనాడు తగిన బదులు చెప్పలేకపోతిమి. చెప్పదలచిన బదులే ఈ వ్యాసము. అయితే దీనిని ఉపదేశముగా గాక, నిజముగా జరిగిన యొక వృత్తాంతముగా చెప్పెదము.

అమెరికా సంయుక్తరాష్ట్రముల యీశాన్యమూలనున్న మెయిన్ రాష్ట్రమున హాలిస్ అను పల్లె కలదు. 1860 ప్రాంతముల అచ్చట కేట్ స్మిత్ అను బాలిక పెరుగుచుండెను. ఆమె 1856వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఫిలడెల్ఫియా నగరమున జన్మించినది. తండ్రి ఆమె చిన్నతనముననే గతించెను. విధవయైన తల్లి మరల వివాహమాడి, వైద్యుడైన భర్తతో ఆ పల్లెలో కాపురముండెను. ఆ పునర్వివాహముచేతనే ఆ పసిబిడ్డలకు మరల ఒక తండ్రి నీడ దొరకెనను సంగతి మన చదువరులు గమనింపకపోరు. ఆ యింట ధనము విశేషముగా లేదు గాని పుస్తకములు కలవు. అందును చార్లెస్ డికెన్సు నవలలు ముఖ్యముగా కలవు.

ఆ కాలమున డికెన్సు రచనలు ఇండ్లలో ప్రవేశించిన తీరు కొంత తెలిసికొనదగియున్నది. 1836లో ఆయన "పిక్విక్ పేపర్సు"ను నెలకొక సంచికగా, సంచిక యొక షిల్లింగు వెలకు ప్రకటింప నారంభించెను. పెద్ద గ్రంథమును ఒక్కసారి కొనలేనివారు సయితము నెలకొక షిల్లింగు వెచ్చించి చదువగలిగిరి. కథ మధ్యలో నిలిచిపోవుటచేత తరువాతి నెల యెప్పుడు వచ్చునాయని ఎదురుచూచుట ఆ యిండ్లకొక వేడుక యయ్యెను. ఒకరు పైకి చదువగా తక్కినవారు చుట్టును కూర్చుండి వినుట వాడుకయయ్యెను. అక్షరము రానివారికి సయితము ఆ కథలు ఈ తీరుననే అందెను. మాసపత్రికకై ఎదురుచూచు మన చదువరులకు ఈ స్థితిని వేఱుగ వర్ణింపనక్కఱలేదు.

కేటు ఇంటను ఇట్లే జరిగెను. ఆ బాలికకు డికెన్సుపై ప్రేమ ఒక్కనాట పుట్టినది కాదు. మొదట విన్నది, పిదప తానే చదివినది, ఆ పిమ్మట చదివినదానినే మరల చదివినది. ఇంటిలోని జంతువులకు ఆ నవలలలోని పాత్రల పేర్లు పెట్టిరి. మన యిండ్లలో పెంపుడు లేడిపిల్లకు శకుంతల కథలోని పేరు పెట్టినట్లే యిదియును. పుస్తకములోని మనుష్యులు పుస్తకమును విడిచి వచ్చి పెరటిలో తిరుగాడ నారంభించినప్పుడే పిల్లకు రచయితతో చుట్టఱికము కుదిరినదని మా యభిప్రాయము.

1867వ సంవత్సరము నవంబరులో డికెన్సు రెండవసారి అమెరికాకు వచ్చెను. తన గ్రంథభాగములను సభలలో స్వయముగా చదివి వినిపించుట ఆయన యుద్దేశము. ఆరోగ్యము చెడియున్నను ఆ శీతకాలమున 76 సభలు జరిపెను. 1868 మార్చి 30వ తేదీ రాత్రి మెయిన్ రాష్ట్రములోని పోర్ట్‌లండు నగరమున సభ జరిగెను. కేటు తల్లి ఆ సభకు వెళ్ళెను గాని, పదునొకండేండ్ల కేటును మాత్రము తీసికొనిపోలేదు. ఎవని పుస్తకములలో తాను నిత్యము మెలగుచున్నదో ఆ మహానుభావుడు అదే యూరిలో మాటలాడుచుండగా పిల్ల బసలోనే పడుకొనవలసివచ్చెను! చిన్నపిల్లకేమి తెలియునని పెద్దలు తలచుట ఏ దేశమునందైనను ఒక్కటియే.

మఱునాడు తల్లీకూతుండ్రు బోస్టనుకు పోవు రైలుబండి యెక్కిరి. డికెన్సును అదే బండిలో ప్రయాణము చేయుచుండెను. ఈ సంగతి తెలిసికొన్న పిల్ల నిలువలేకపోయెను. మెల్లగా ఆయన యున్న పెట్టెలోనికి పోయి దూరము నుండి చూచుచు కూర్చుండెను. ఆయన ప్రక్కనున్న స్నేహితుడు లేచిపోగానే పోయి ఆ చోట కూర్చుండెను. ఆయన ఉలికిపడి, ఎక్కడినుండి వచ్చితివని అడిగెను. అటుపిమ్మట వారిద్దఱికిని జరిగిన సంభాషణను ఆమె పెద్దదైన తరువాత 1912లో ఒక చిన్న పుస్తకముగా ప్రకటించినది.

ఆయన గ్రంథములన్నిటిని తాను చదివితిననియు, రెండు మాత్రము మిగిలియున్నవనియు, వానిని బోస్టనులో కొనబోవుచున్నామనియు, కొన్నింటిని ఆఱేసి మాఱులు చదివితిననియు ఆ బాలిక చెప్పెను. ఆయన ఆశ్చర్యపడెను. అయితే ఆ పిల్లకు ముఖస్తుతి తెలియదు. చదువునప్పుడు విసుగు పుట్టించు భాగములను దాటిపోవుదుననియు, పొట్టివానిని గాక పొడుగువానిని మాత్రమే దాటుదుననియు నిర్భయముగా చెప్పెను. పండితులమనుకొను మేము ఒక గ్రంథకర్త యెదుట ఈ మాట అనగలమా? అన్నచో ఆయన సహించునా? డికెన్సు మాత్రము కడుపార నవ్వి, చేతిపుస్తకమును పెన్సిలును తీసి, ఏ గ్రంథమున ఏ భాగములు విసుగు పుట్టించినవో, ఏ పాత్రలవలన పుట్టినవో ఒక్కొక్కటిగా అడిగెను. అప్పటికి ఆయన వయస్సు 56 సంవత్సరములు. కీర్తి భూగోళమంతటను వ్యాపించియుండెను. అయినను ఒక పల్లెపిల్ల యభిప్రాయమును ఆయన తృణీకరింపలేదు. చదువరి యెంత చిన్నదైనను చదువరియే యని ఆయన యెఱుగును.

మాటల నడుమ కన్నీటి ప్రసంగము వచ్చెను. "డేవిడ్ కాపర్‌ఫీల్డు"లో స్టీర్‌ఫర్తు శవము సముద్రపుటొడ్డునకు కొట్టుకొనివచ్చు ఘట్టమును చదువునప్పుడు తమ యింటివారందఱును ఏడ్తురని పిల్ల చెప్పెను. తానును ఆ ఘట్టమున ఏడ్చుటకలదని ఆయన మెల్లగా చెప్పెను. బోస్టను చేరువఱకు వారి మాటలు సాగెను. బండి దిగిన పిమ్మట ఆయన ఆ బాలిక చేయి పట్టుకొని తల్లికడకు నడిపించుకొనిపోయి అప్పగించెను.

ఇచ్చట ఒక విషయము చెప్పవలసియున్నది. డేవిడ్ కాపర్‌ఫీల్డు పదియేండ్ల వయస్సున చదువు మాని సీసాలు కడుగు పనికి కుదిరెనని చదివి ఆ పిల్ల యెన్నిసారులు కంటతడి పెట్టినదో! ఆ డేవిడే తన ప్రక్కన కూర్చుండియున్నాడని ఆమె యెఱుగదు. డికెన్సు పండ్రెండేండ్ల వాడైయుండగా 1824లో ఆయన తండ్రి అప్పులపాలై లండనులోని మార్షల్సీ కారాగృహమున పడెను. పిల్లవాడు బూటుపాలిషు తయారుచేయు కొట్టులో వారమునకు ఆఱు షిల్లింగుల కూలికి సీసాలపై కాగితములంటించు పని చేసెను. ఈ యవమానమును ఆయన జీవితాంతము దాచియుంచెను. ఒకరిద్దఱాప్తులకు తప్ప తెలియదు. 1870 జూను 9వ తేదీన ఆయన గతించిన పిమ్మట, మిత్రుడైన ఫార్‌స్టరు వ్రాసిన జీవితచరిత్రవలననే లోకమునకు తెలిసెను.

ఆ బాలుని కాపాడినదేది? కొట్టులో చేరుటకు ముందు ఆయన తండ్రి పుస్తకముల చిన్న గూటిలో దొరకిన నవలలను చదివియుండెను. ఫీల్డింగు, స్మాలెట్టు కథలు, డాన్ క్విక్సోటు, రాబిన్సన్ క్రూసో, అరేబియన్ నైట్సు, గోల్డ్‌స్మిత్తు "వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డు" ఆయన నేస్తములు. వీనిలో కడపటి పుస్తకము మనకును చుట్టమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1878లో "వివేకవర్ధని"యందు ప్రకటింపసాగిన "రాజశేఖర చరిత్రము"నకు ప్రేరకము ఆ గోల్డ్‌స్మిత్తు నవలయే. లండనులో ఒక బీదబాలునికి ఓదార్పైన పుస్తకము గోదావరితీరమున మన తొలినవలలలో నొకదానికి బీజమయ్యెను. ఎవరి చేతిలో పడిన పుస్తకము ఎక్కడ మొలకెత్తునో ముందుగా చెప్పగలవారెవరు?

కేటు విషయముననూ అట్లే యయ్యెను. ఆమె కుటుంబము 1873లో కాలిఫోర్నియాకు తరలిపోయెను. ఆమె శిశువిద్యాపద్ధతిని అభ్యసించి, 1878లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరమున సిల్వర్ స్ట్రీట్ అను బీదల వీథిలో ఉచిత కిండర్‌గార్టెన్ పాఠశాలను స్థాపించెను. అప్పటికామె వయస్సు ఇంచుమించు ఇరువదిరెండేండ్లు. వీథులలో తిరుగు పిల్లలను చేరదీసి ఆటపాటలతో చదువు నేర్పుట దాని యుద్దేశము. రెండేండ్లకు చెల్లెలితో కలిసి ఉపాధ్యాయినులకు శిక్షణశాలను నెలకొల్పెను. వివాహానంతరము కేట్ డగ్లస్ విగ్గిన్ అను పేర ప్రసిద్ధురాలై, పాఠశాలల వ్యయమునకై కథలు వ్రాసెను. అందొకదాని పేరిలో డికెన్సు వ్రాసిన "క్రిస్మస్ కెరోలు" మాట వినబడుచునే యున్నది. 1903లో ఆమె ప్రకటించిన "రెబెక్కా" నవల నేటికిని పిల్లలు చదువుచున్నారు. తుదకు 1923లో డికెన్సు అభిమానుల సంఘమునకు ప్రతినిధిగా ఇంగ్లండునకు పోయి, అచ్చటనే జబ్బుపడి మరణించెను. బాల్యమున రైలుబండిలో మొదలైన యాత్ర అక్కడ ముగిసెను.

నవలలు చదివినందుననే ఆమె పాఠశాల పెట్టినదని మేమనము. నవలలు చదివి ఊరకుండినవారును లోకమున పెక్కుమంది కలరు. చెడు నవలలు లేవనియు మేమనము. కాని పరుల దుఃఖమును తన దుఃఖముగా తలచు అలవాటు ఒక్కనాట వచ్చునది కాదు. మొదట కథలోని అనాథకై ఏడ్చిన కన్నులే తరువాత వీథిలోని అనాథను గుర్తుపట్టును. పాఠ్యపుస్తకము దయను నిర్వచించును. నవల దానిని అభ్యసింపజేయును.

ఇక మా తప్పొకటి చెప్పుకొని ముగించెదము. చాలకాలము క్రిందట మా తరగతిలో ఒక బాలిక వ్యాకరణము క్రింద నవల నుంచుకొని చదువుచుండగా పట్టుకొంటిమి. పుస్తకమును లాగికొని మా బల్ల సొరుగులో పెట్టి తాళము వేసితిమి. పరీక్షలు ముగిసిన పిమ్మట మేలు చేయుచున్నామనుకొని పిలిచి యిచ్చితిమి. ఆ పిల్ల పుస్తకమువంక చూచి, "ఇక అక్కఱలేదండీ మాస్టారూ" అని వెళ్ళిపోయెను. పరీక్షలో ఆమెకు మంచి మార్కులే వచ్చెను. తరువాత ఆమె చేతిలో ఏ పుస్తకమును మేము చూడలేదు. పిల్లలకు కల్పనలు వలదు, వాస్తవములే చాలునను గ్రాడ్‌గ్రైండు డికెన్సు వ్రాసిన "హార్డ్ టైమ్సు"లో నొకడున్నాడు. ఆ నవలను మరల చదివినప్పుడెల్ల మాకా సొరుగు జ్ఞప్తికి వచ్చును.

కావున ఆ గృహస్థునకు మా మనవి యిది. అయ్యా, మీ అమ్మాయిని మేము మాన్పింపలేము. పాఠములకొక వేళను నియమింపుడు. అది తండ్రి ధర్మము. తక్కిన వేళ రాత్రి భోజనములైన పిమ్మట ఆ నవలనే పైకి చదువుమని అడిగి, మీరును ఆమె తల్లియు ప్రక్కన కూర్చుండి వినుడు. విసుగు పుట్టించు చోటులను ఆమె దాటిపోయినచో దాటనిండు. ఆమెకు కన్నీరు వచ్చు చోట మీకును వచ్చినచో దాచుకొనకుడు.