వంటిల్లు నుంచి లైసెన్సు హాలుకు: ఐరిష్ సాంఘిక నృత్యం, 1935 చట్టం

ఐరిష్ జనం స్థిరపడిన ఊళ్లలో, అది గాల్వే కావచ్చు, లండన్ కావచ్చు, బోస్టన్ కావచ్చు, రాబోయే వారాల సంగీత నృత్య కార్యక్రమాల ప్రకటనలో మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి. శనివారం రాత్రి చర్చి హాలులో ‘కేలీ’, వారం మధ్యలో ‘సెట్’ నృత్య తరగతి, ఆదివారం సాయంత్రం పబ్బులో ‘సెషన్’. నిర్వాహకులు ఈ మూడింటినీ సంప్రదాయం అన్న ఒకే శీర్షిక కింద చేరుస్తారు. వచ్చేవారూ అలాగే స్వీకరిస్తారు. చరిత్రను పరిశీలిస్తే వీటిలో రెండు ఐర్లండ్ పల్లెల్లో కాక లండన్ మహానగరంలో రూపుదిద్దుకున్నాయి. మూడవది విదేశీయమన్న ముద్రతో జాతీయవాదుల చేతనే చాలాకాలం బహిష్కరణకు గురైంది. అంతకంటె ముఖ్యమైన విషయం మరొకటుంది. తేదీ ప్రకటించి, ప్రవేశ రుసుము పెట్టి, హాలులో నృత్యం జరపడమనేదే పల్లె ఐర్లండ్‌కు కొత్త పద్ధతి. పొరుగింటి వంటగదిలో ఆడే ఆటకు ప్రకటన అవసరం లేదు. ఆ వంటగది ఎలా ఖాళీ అయింది, అందులో 1935 నాటి పబ్లిక్ డ్యాన్స్ హాల్స్ చట్టం వహించిన పాత్ర ఎంత అన్నది ఈ వ్యాసం పరిశీలించే విషయం.

వంటగదే వేదిక

1776 నుంచి ఐర్లండ్‌లో పర్యటించిన ఆంగ్ల వ్యవసాయ రచయిత ఆర్థర్ యంగ్, అక్కడి పేదల గుడిసెల్లో నృత్యం దాదాపు సర్వసాధారణమని నమోదు చేశాడు. నృత్యం నేర్పే గురువులు పైప్ వాయించేవాడినో, అంధుడైన ఫిడిల్ వాద్యకారుడినో వెంటబెట్టుకొని ఇంటింటికీ తిరిగేవారు. వారి రుసుము మూడు నెలలకు ఆరు పెన్నీలు. సమాజంలో ఈ గురువుల స్థాయి వారి శిష్యుల స్థాయే. ఇది ఆస్థాన కళ కాదు, ఆలయ కళ కాదు, ఒక కులానికి చెందిన వృత్తి కూడా కాదు.

పల్లె ఇంట్లో పొయ్యి ఉన్న గదే పెద్దది. బల్లలు గోడకు జరిపితే నాలుగు జంటలు తిరగడానికి చోటు దొరికేది. వాద్యకారుడు ఒక మూల కూర్చునేవాడు. ఒంటరిగా అడుగులు ప్రదర్శించగల నేర్పరి ఉంటే తలుపు ఊడదీసి నేల మీద పరిచేవారు. చెక్క మీద పాదం మోగితేనే ఆ నేర్పు వినిపిస్తుంది. పెళ్లి, పంట చేతికి రావడం, బంధువు రాక వంటివన్నీ ఈ కలయికలకు సందర్భాలు. వీటన్నిటిలో గుండెను కలచివేసేది ‘అమెరికా జాగారం’. మరునాడు ఓడ ఎక్కబోయే కొడుకో కూతురో మళ్లీ కనబడరన్న ఎరుకతో, చనిపోయినవారి కోసం రాత్రంతా మేలుకొనే ఆచారాన్నే బతికి ఉన్నవారికి జరిపేవారు. ఆ రాత్రి ఏడ్పూ ఆటా ఒకే గదిలో సాగేవి. నృత్యాన్ని వినోదమన్న ఒక్క మాటకు కుదించి చదివేవారు ఈ ఆచారాన్ని విస్మరిస్తారు.

ఈ వంటగదుల్లో పందొమ్మిదవ శతాబ్దంలో వ్యాపించిన నృత్యమే సెట్. దీని మూలం పారిస్‌లో ప్రచారంలో ఉన్న క్వాడ్రిల్. నాలుగు జంటలు చతురస్రంగా నిలబడి, భాగాలు భాగాలుగా ఆడే నృత్యమది. నెపోలియన్ యుద్ధాల అనంతరం నృత్య గురువుల ద్వారానూ, సైనికుల ద్వారానూ ఇది ఐర్లండ్‌కు చేరింది. చేరిన తరువాత అది పారిస్ నృత్యంగా మిగలలేదు. నిదానమైన బాణీల స్థానంలో రీల్, జిగ్, పోల్కా వచ్చాయి. వేగం పెరిగింది. ప్రాంతానికొక నడక ఏర్పడింది. క్లేర్‌లో కాలిడోనియన్ సెట్ ఒక తీరు, కెర్రీలో పోల్కా సెట్ మరొక తీరు. శతాబ్దం ముగిసేసరికి ఆడేవారి దృష్టిలో అది తాతల నాటి ఆటే.

లండన్‌లో పుట్టిన కేలీ

1893లో డగ్లస్ హైడ్, ఓవెన్ మెక్‌నీల్ మొదలైనవారు స్థాపించిన గేలిక్ లీగ్ ప్రధాన లక్ష్యం ఐరిష్ భాషా పునరుద్ధరణ. భాషా తరగతులకు వచ్చేవారిని కలిపి ఉంచడానికి సాయంకాల కూటములు అవసరమయ్యాయి. లండన్ శాఖ కార్యదర్శి ఫియొనాన్ మాక్ కొలుమ్ ఆ నగరంలోని స్కాట్లండ్ వారి కూటములను చూసి, అదే పద్ధతిలో 1897 అక్టోబరు 30న బ్లూమ్స్‌బరీ హాలులో ఒక సభ ఏర్పాటు చేశాడు. తొలి కేలీగా చరిత్రలో నమోదైనది ఇదే. అంతవరకు ఐరిష్ భాషలో ‘కేలీ’ అంటే చీకటి పడ్డాక పొరుగింటికి వెళ్లి కబుర్లు చెప్పుకోవడం. సంస్కృత ‘కేళి’తో ధ్వనిసామ్యమే తప్ప దీనికి సంబంధం లేదు. గడప దాటి వెళ్లడమన్న అర్థం గల మాట ఆ రాత్రితో టిక్కెట్టు నృత్యసభకు పేరైంది.

ఆ సభలో ఆడినవి సెట్లు, క్వాడ్రిళ్లు, వాల్ట్జ్‌లు. అప్పటికి ఎవరికీ అభ్యంతరం తోచలేదు. కాని జాతీయ నృత్యం ఏదన్న ప్రశ్న త్వరలోనే తలెత్తింది. లండన్‌లో నివసిస్తున్న కెర్రీ ప్రాంతపు నృత్య గురువు పాట్రిక్ రీడీ దగ్గర లీగ్ సభ్యులు సామూహిక నృత్యాలు నేర్చుకున్నారు. మరికొన్నింటి కోసం కెర్రీకి వెళ్లారు. 1902లో ఓకీఫ్, ఆర్ట్ ఓబ్రయన్ ఐరిష్ నృత్యాలపై ఒక కరదీపికను ప్రచురించారు. ఇలా ఎంపికైన నృత్యాలు ‘కేలీ నృత్యాలు’ అయ్యాయి, సెట్లు విదేశీయమని లీగ్ వేదికలకు దూరమయ్యాయి. దేశమంతటా జనం నిజంగా ఆడుతున్న ఆట అజాతీయమైంది. ఒక జిల్లా నుంచి ఏరి తెచ్చి పుస్తకంలో స్థిరపరచినది జాతీయమైంది. ఈ వర్గీకరణ చేసినవారిలో ఎక్కువమంది పట్టణ ఉద్యోగులు, విద్యావంతులు కావడం యాదృచ్ఛికం కాదు.

బిషప్పుల ప్రకటన, లైట్రిమ్ ఘర్షణ

1922లో స్వతంత్ర రాజ్యం ఏర్పడిన తరువాత నృత్యం గురించిన ఆందోళన కొత్త రూపం దాల్చింది. మోటారు వాహనాలు, గ్రామఫోన్, జాజ్ బాణీలు పల్లెలకు చేరుతున్నాయి. 1925 అక్టోబరులో మేనూత్‌లో సమావేశమైన ఐర్లండ్ బిషప్పులు నృత్యశాలల వల్ల కలిగే నైతిక పతనాన్ని ఖండిస్తూ ఒక ప్రకటన విడుదల చేశారు. అది చర్చిలలో చదివి వినిపించడానికి ఉద్దేశించినది. ఐరిష్ నృత్యాలను వారు మినహాయించారు. వాటిని గంటల తరబడి ఆడలేకపోవడం వాటి సుగుణాలలో ఒకటిగా పేర్కొన్నారు. ఒక కళను అది త్వరగా అలసట కలిగిస్తుందన్న కారణంతో మెచ్చుకోవడం విమర్శ చరిత్రలో అరుదు.

ఈ ఆందోళనకు తీవ్రమైన వేదిక లైట్రిమ్ జిల్లా. అక్కడి మతగురువు పీటర్ కానెఫ్రీ నాయకత్వంలో 1934 జనవరి మొదటి రోజున మోహిల్ పట్టణంలో జాజ్ వ్యతిరేక ప్రదర్శన జరిగింది. గేలిక్ లీగ్ దానికి తోడు నిలిచింది. అదే జిల్లాలోని ఎఫ్రినాలో కార్మికోద్యమ కార్యకర్త జిమ్ గ్రాల్టన్ నడిపిన పియర్స్–కానలీ హాలు కథ దానికి కాస్త ముందటిది. ఆ హాలులో నృత్యంతో పాటు తరగతులూ, భూవివాదాలపై సమావేశాలూ జరిగేవి. 1932 చివర హాలు దగ్ధమైంది. 1933 ఆగస్టులో, ఐర్లండ్‌లోనే పుట్టిన గ్రాల్టన్‌ను అమెరికా పౌరసత్వం ఆధారంగా విదేశీయుడని దేశం నుంచి పంపివేశారు. హాలు ఎవరి చేతిలో ఉండాలన్నది శీలానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదనీ, అధికారానికి సంబంధించిన ప్రశ్న అనీ ఈ ఉదంతం స్పష్టం చేస్తుంది. అతనిపై జరిగిన చర్యకు ఐర్లండ్ అధ్యక్షుడు మైకేల్ హిగ్గిన్స్ 2016లో ఎఫ్రినాలోనే క్షమాపణ చెప్పాడు.

చట్టం అన్నది, ఊరు విన్నది

లైంగిక నేరాల చట్టాలను సమీక్షించడానికి నియమితమై 1931లో నివేదిక సమర్పించిన కారిగన్ సంఘం నృత్యశాలల ప్రస్తావన కూడా చేసింది. ఆ నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. 1935 ఫిబ్రవరిలో పబ్లిక్ డ్యాన్స్ హాల్స్ చట్టం వచ్చింది. దీని ప్రకారం బహిరంగ నృత్యం జరపడానికి జిల్లా న్యాయస్థానం నుంచి లైసెన్సు పొందాలి. దరఖాస్తుదారు నడవడి, స్థలం అనువు, వచ్చేవారి వయస్సు, పోలీసు పర్యవేక్షణకు గల వీలు వంటివి న్యాయమూర్తి పరిశీలించవలసిన అంశాలు. వేళలపై షరతులు విధించే అధికారం కూడా ఆయనకు లభించింది.

ఈ చట్టంలోని నిర్వచనాలను నిదానంగా చదవవలసి ఉంది. ‘స్థలం’ అంటే భవనం, పెరడు, తోట లేదా పైకప్పు ఉన్నా లేకున్నా చుట్టూ ఆవరణ గల మరొక చోటు. ‘బహిరంగ నృత్యం’ అంటే ప్రజలందరికీ ప్రవేశమున్న, హాజరైనవారు స్వయంగా పాల్గొనే నృత్యం. అక్షరార్థంలో చూస్తే, పిలుపు మీద వచ్చిన పొరుగువారు వంటగదిలో ఆడుకోవడం దీని పరిధిలోకి రాదు. ఆవరణ లేని నాలుగు దారుల కూడలిలో వేసవి సాయంత్రం ఆడటం కూడా రాదు. అయినా ఈ రెండూ క్షీణించాయి. క్లేర్ జిల్లా ఫిడిల్ వాద్యకారుడు జూనియర్ క్రెహాన్ (1908–1998) వంటివారి జ్ఞాపకాల్లో ఆ చట్టమే ఇంటి నృత్యాలను మూసివేసిన శాసనంగా, సంగీతం నేర్చుకొనే బడినే మూసివేసిన శాసనంగా మిగిలింది.

చట్ట పాఠానికీ జన స్మృతికీ మధ్య గల ఈ దూరాన్ని స్మృతి దోషమని కొట్టివేయడం సులభం. కాని పల్లెవాసికి చట్టం గెజిట్ రూపంలో చేరదు. ఆదివారం ప్రసంగంగానూ, గుమ్మం దగ్గర నిలిచిన పోలీసుగానూ చేరుతుంది. పేద పొరుగువాని సహాయార్థమో, రాజకీయ నిధి కోసమో ఇంట్లో నృత్యం పెట్టి కొన్ని పెన్నీలు వసూలు చేస్తే అది ‘ప్రజలందరికీ ప్రవేశమున్న’ నృత్యమా కాదా అన్నది వాదించదగిన అంశం. అలా వాదించడానికి న్యాయస్థానం దాకా వెళ్లే స్తోమత ఎందరికి ఉంటుంది? నిర్వచనంలోని సందిగ్ధతే భయానికి చోటిచ్చింది. మద్రాసు ప్రాంతపు 1947 నాటి దేవదాసీ సమర్పణ నిరోధక చట్టం తెలుగు కళావంతుల జీవితంపై చూపిన ప్రభావాన్ని అధ్యయనం చేసినవారికి ఈ తీరు పరిచితమే. అక్కడ వంశపారంపర్య కళాకారిణుల బతుకుతెరువు దెబ్బతిన్నది, ఇక్కడ ఇరుగుపొరుగుల కాలక్షేపం. ఈ భేదాన్ని మరచి రెండింటినీ ఒకే గాటన కట్టడం మాత్రం సరికాదు.

మొత్తం భారాన్ని చట్టంపైనే మోపడం కూడా చరిత్ర కాదు. వలస వల్ల ఆడే వయస్సువారే ఊళ్లో కరవయ్యారు. 1926లో మొదలైన రేడియో ప్రసారాలు అభిరుచిని మార్చాయి. యువతరం ఫాక్స్‌ట్రాట్‌ను తానుగా కోరుకుంది. చట్టం చేసినది ఏమిటంటే, ఈ మార్పులు జరుగుతున్న సమయంలో స్థలాన్ని ఎంచుకొనే అధికారాన్ని ఇంటివారి నుంచి లైసెన్సుదారుకు బదిలీ చేయడం. చాలాచోట్ల ఆ లైసెన్సుదారు స్థానిక మతగురువే.

హాలు సంగీతాన్ని కూడా మార్చింది. వంటగదికి ఒక ఫిడిల్ చాలు, వందల మంది తిరిగే హాలులో అది వినబడదు. పియానో, డ్రమ్ములు, అకార్డియన్లతో కేలీ బ్యాండ్లు అందుకే వృద్ధి చెందాయి. ఒక్కొక్క వాద్యకారుడు తన ఊరి తీరులో బాణీకి వేసుకొనే అలంకారాలు బృందవాదనలో అణగిపోయాయి. జాతి మనసులో మాత్రం కూడలి నృత్యం అంతరించే కొద్దీ అందంగా మారింది. డి వలేరా 1943లో చేసిన సెయింట్ పాట్రిక్ దినోత్సవ ప్రసంగంలో కూడలిలో నర్తించే కన్యల వర్ణన ఉందని చాలామంది నమ్ముతారు. ఆ ప్రసంగంలో కూడలీ లేదు, నృత్యమూ లేదు. చట్టం వచ్చిననాడు ప్రభుత్వాధినేత ఆయనే.

వలసలో సెషన్, తిరిగి వచ్చిన సెట్

1951–61 మధ్య ఐర్లండ్ నుంచి నికర వలస నాలుగు లక్షలు దాటింది. అందులో అధిక భాగం బ్రిటన్‌కు. లండన్‌లోని క్రికిల్‌వుడ్‌లో 1952లో ప్రారంభమైన గాల్టీమోర్ వంటి విశాలమైన హాళ్లు భవన నిర్మాణ కార్మికులకూ నర్సులకూ వారాంతపు ఊరయ్యాయి. అద్దె గదుల్లో ఉండే వాద్యకారులకు వంటగది లేదు, ఉన్నా ఇంటి యజమాని ఊరుకోడు. కామ్డెన్ టౌన్, కెంటిష్ టౌన్ పబ్బుల్లో 1940ల చివరి నుంచి వారు గుమికూడి వాయించారు. ఆడేవారు లేకుండా వాద్యకారులే ఒకరి కోసం ఒకరు వాయించుకొనే సెషన్ ఈ పరిస్థితుల్లో స్థిరపడి, తరువాత ఐర్లండ్‌కు చేరింది. నృత్యానికి తోడుగా ఉండిన సంగీతం వినడానికి మాత్రమే ఉద్దేశించిన సంగీతమైంది.

1951లో ఏర్పడిన కోల్తస్ క్యోల్తోరీ ఏరన్ సంస్థ అదే ఏడాది మలింగార్‌లో తొలి సంగీతోత్సవం జరిపింది. దాని శాఖలే నేడు అనేక దేశాల్లో స్థానిక కార్యక్రమాలను నడుపుతున్నాయి. పైప్ విద్వాంసుడు విలీ క్లాన్సీ 1973 ఆరంభంలో మరణించగా, ఆ వేసవిలోనే ఆయన పేరిట మిల్‌టౌన్ మాల్బేలో సంగీత పాఠశాల మొదలైంది. 1980ల ఆరంభంలో అక్కడ సెట్ నృత్య తరగతులు చేరాయి. ఊరూరా వృద్ధుల దగ్గర మిగిలిన సెట్లను సేకరించి, మెట్లు రాసుకొని, వందల మందికి నేర్పసాగారు. ఒకప్పుడు ప్రాంతానికొక తీరుగా ఉన్న కాలిడోనియన్ ఇప్పుడు టోక్యోలోనూ చికాగోలోనూ ఒకే తీరుగా ఆడగలిగినది ఈ సేకరణ వల్లనే. ప్రాంతభేదాలు కొన్ని మరుగున పడినదీ దీనివల్లనే.

లీగ్ ఒకనాడు వెలివేసిన సెట్లే నేటి ‘కేలీ’ ప్రకటనలలో అనేకచోట్ల ప్రధానాంశం. అవి జరిగేది తరచుగా చర్చి హాలులోనే. ఐర్లండ్‌లో అటువంటి హాలుకు అవసరమయ్యే నృత్య లైసెన్సుకు 21వ శతాబ్దంలోనూ ఆధారంగా కొనసాగినది 1935 నాటి చట్టమే.