సర్దారు కేక ఆగిన తరువాత

1860 నవంబరు 16న ‘ట్రూరో’ అనే ఓడ మద్రాసు నుండి 342 మందితో డర్బన్ రేవు చేరింది. 1911లో కూలీల రవాణా నిలిచిపోయేలోగా 1,52,000 పైచిలుకు జనం ఈ నేటాల్ గడ్డపై దిగారు. వారిలో విశాఖపట్నం, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారు అనేకులు. మన తాతముత్తాతలు వారే.

ఆనాడు చెరకు తోటలో క్రమశిక్షణ అంటే సర్దారు కేక. అయిదేళ్ళ ఒప్పందం; మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం; పనికి రాని దినానికి కోత; యజమాని చీటీ లేనిదే తోట దాటరాదు. అది పరుల శాసనం. దానిని మనోబలం అనలేము. మనిషి తన్ను తాను ఎట్లా నడుపుకొనేదీ ఒప్పందం తీరిన తరువాతనే తెలుస్తుంది.

ఒప్పందం తీరినవారిలో పలువురు కొద్దిపాటి నేల కౌలుకు పట్టి కూరగాయలు పండించారు. లెమ్మని అరిచే సర్దారు లేడు. అయినా మొక్కలకు నీళ్ళు వేళకు అందాయి, బుట్టలు వేళకు బజారు చేరాయి.

ఇంతలో పన్ను వచ్చి పడింది. 1895 నాటి చట్టం, ఆ తరువాత వచ్చి ఒప్పందం ముగిశాక ఇక్కడే నిలిచినవారిపై ఏటా 3 పౌన్లు విధించింది. నెలకు 10 షిల్లింగుల కూలికి అది ఆరు నెలల రాబడి! కట్టలేనివారు మరల ఒప్పందంలోకి పోవలసి వచ్చేది. 1913లో గాంధీగారి నాయకత్వాన సమ్మె సాగింది. నవంబరు 6న 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ట్రాన్స్‌వాల్ సరిహద్దు వైపు నడిచారు. రోజుకు మనిషికి ఒకటిన్నర పౌను రొట్టె, ఒక ఔన్సు చక్కెర. తిట్టినా కొట్టినా చెయ్యెత్తరాదన్నది నియమం. 1914లో ఆ పన్ను రద్దయింది.

వారందరూ ఉక్కు గుండెల వారని మేము అనము. ఆకలి, అలసట వారికీ ఉన్నాయి. కాని ముందే ఏర్పరచుకున్న నియమం ఉంది, పక్కన నడిచే తోడు ఉంది. మనస్సు తడబడిన వేళ ఆ రెండూ ఆదుకుంటాయి.

మన ఇళ్ళలో పెరటాసి శనివారాల ఉపవాసం నిలిచిందీ ఇట్లాగే. ఆ వారం తినాలా మానాలా అని ఎవరూ తర్కించుకోరు. రోజు నిర్ణయమై ఉంది, ఇంటిల్లిపాదీ పాటిస్తారు.

సర్ కూర్మా వెంకటరెడ్డి నాయుడుగారు భారత ప్రభుత్వ ఏజెంటుగా ఇక్కడ ఉన్న కాలంలో, 1931లో, ఆంధ్ర మహాసభ ఏర్పడింది. భాషకూ అటువంటి రోజు, అటువంటి తోడు కావాలని పెద్దలు గ్రహించారు.

నేడు మన పిల్లల నోట తెలుగు సన్నగిల్లుతున్నది. దీనికి మహా సంకల్పాలు అక్కరలేదు. వారానికి ఒక రోజు, ఒక వేళ, ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక పుట చదివితే చాలును. చదవమని మనల్ని గద్దించే సర్దారు లేడు. మనకు మనమే చెప్పుకోవాలి.