విధాన నమూనాల పరీక్ష (ఆంధ్రప్రదేశ్)

ఒక ప్రభుత్వ విధానం ఒక ప్రాంతంలో కూలిని, ఉపాధిని, రాబడిని ఎలా మారుస్తుందో అర్థశాస్త్ర నమూనా ముందుగా అంచనా వేస్తుంది. ఆ అంచనాను ఊళ్లలో సేకరించిన లెక్కలతో సరిచూడడమే ఈ పరీక్ష. తెలుగు నేలపై దీనికి పునాది అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జరిపిన గ్రామ అధ్యయనాలు. 1975 నుంచి అప్పటి పాలమూరు జిల్లా ఔరేపల్లి వంటి గ్రామాల్లో కుటుంబాల జమాఖర్చులను ఏళ్ల తరబడి రాసిపెట్టారు. ఊరివాళ్లు కష్టనష్టాలను పూర్తిగా పంచుకుంటారన్న సిద్ధాంతాన్ని అర్థశాస్త్రవేత్త రాబర్ట్ టౌన్సెండ్ 1994లో ఈ లెక్కలతోనే పరీక్షించాడు. అది చాలావరకు నిలిచింది, పూర్తిగా మాత్రం కాదు.

ఉపాధి హామీ పథకంతో పరీక్ష పరిధి ఊళ్ల నుంచి జిల్లాలకు పెరిగింది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకం గుంటూరు, ప్రకాశం జిల్లాలకు 2007లో, కృష్ణా జిల్లాకు 2008లో వచ్చింది. గుంటూరు జిల్లా పెదకాకానిలో హామీ పనులు మొదలయ్యేనాటికి కృష్ణా నది అవతలి పల్లెలకు అవి ఇంకా అందలేదు. దేశమంతటా ఉన్న ఇలాంటి తేడాలను ఆధారం చేసుకుని క్లెమెంట్ ఇంబెర్ట్, జాన్ ప్యాప్ 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. వానల్లేని నెలల్లో ప్రైవేటు కూలి రేటు పెరిగింది, ప్రైవేటు పని తగ్గింది అని అందులో తేలింది. పాఠ్యపుస్తకాలు చెప్పేదీ అదే. కానీ వారు ఆ కాలంగా తీసుకున్న జనవరి–జూన్ లెక్క గుంటూరు సీమకు అతకదు. ఇక్కడ మిరప కోతలు ముమ్మరంగా సాగేది ఆ నెలల్లోనే.

పాఠ్యపుస్తకానికి ఎదురు తిరిగిన ఫలితం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వచ్చింది. హామీ కూలీలకు, పింఛనుదారులకు వేలిముద్ర స్మార్ట్‌కార్డులతో చెల్లించే పద్ధతిని 2010లో ఎనిమిది జిల్లాల్లో ముందు ఏ మండలంలో, తర్వాత ఏ మండలంలో పెట్టాలో చీటీ పద్ధతిన నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ 157 మండలాలను పోల్చి చూశారు. చెల్లింపులు మెరుగుపడిన చోట లబ్ధిదారుల రాబడి 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది. పెరిగిన రాబడిలో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి సంపాదన! కూలి రేటుతోపాటు ప్రైవేటు పనీ పెరిగింది. భూమి కొద్దిమంది చేతుల్లో ఉన్న ఊళ్లలో పని మరింత పెరిగింది. అంటే అక్కడ అంతకుముందు కూలిని మోతుబరులు అణచి ఉంచినట్టు కనిపిస్తుంది. అందరూ పోటీపడి కూలి ఇస్తారనే నమూనా ఇక్కడ ఓడిపోయింది.

ఎనిమిది జిల్లాల్లో గుంటూరు లేదు, కర్నూలు ఉంది. కర్నూలు పడమటి మండలాల నుంచి ఏటా వేలమంది గుంటూరు మిరప చేలకు సుగ్గికి, అంటే కోతల వలసకు, వస్తారు. కాబట్టి అక్కడి కూలి మార్పు ఇక్కడి రైతు ఖర్చును తాకే వీలుంది. పొరుగు ఊళ్ల ప్రభావాన్ని పరిశోధకులు లెక్కలోకి తీసుకున్నారు గానీ, వందల కిలోమీటర్ల ఈ దారి ఆ కొలతకు అందేది కాదు.

సూక్ష్మరుణాల కథ మరోలా నడిచింది. హైదరాబాదులో 104 బస్తీల్లో స్పందన అనే సూక్ష్మరుణ సంస్థ అప్పులపై జరిగిన అధ్యయనంలో కుటుంబాలపై వాటి ప్రభావం స్వల్పమేనని తేలింది. 2010 అక్టోబరు ఆర్డినెన్సుతో రాష్ట్రంలో ఆ రుణాలు ఆగిపోయినప్పుడు, ఇక్కడ దెబ్బతిన్న సంస్థలు ఇతర రాష్ట్రాల్లోనూ అప్పులు తగ్గించాయి. అలా రుణం తగ్గిన జిల్లాల్లో కూలి, వినియోగం పడిపోయాయని ఎమిలీ బ్రెజా, సింథియా కిన్నన్ 2021లో చూపించారు. ఒక్కో ఇంటిలో కనపడని ప్రభావం ప్రాంతమంతటినీ కలిపి చూస్తే బయటపడింది.

ఇకపై పోలికలకు హద్దుల చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న పాత గుంటూరు జిల్లా నుంచి పల్నాడు విడిపోయింది, మరికొంత భాగం ప్రకాశం జిల్లాలోని కొంత భాగంతో కలిసి బాపట్ల జిల్లా అయింది. పెదకాకాని గుంటూరులోనే ఉండగా మిరప మండలాల్లో ఎక్కువ భాగం పల్నాడుకు పోయింది. పాత జిల్లా లెక్కలతో పోల్చాలంటే మండలాల వారీ అంకెలను మళ్లీ కూర్చుకోవాలి.