ఆదివారం తరగతి నుంచి అరచేతి తెర దాకా

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్, హయత్‌నగర్, పెద్దఅంబర్‌పేట మీదుగా అబ్దుల్లాపూర్‌మెట్ వరకు విజయవాడ రహదారి వెంట పెరిగిన తూర్పు హైదరాబాద్‌లో బడి వేళలకూ ఇంటి పని వేళలకూ పొంతన కుదరని కుటుంబాలు ఏ కాలంలోనూ తక్కువ కాదు. 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ చుట్టుపక్కల ఊళ్లవారికి రాత్రింబవళ్ల పని చూపించింది. చాలా ఏళ్లు గడ్డిఅన్నారం మార్కెట్ అన్న పేరుతో కొత్తపేటలో నడిచిన పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలాక, లారీలు దిగే వేళకు అక్కడ ఉండాల్సిన హమాలీలు, డ్రైవర్లు, కమీషన్ దుకాణాల గుమాస్తాలు కూడా ఆ దారి పట్టారు. 2016 జిల్లాల పునర్విభజనలో మండల కేంద్రమైన అబ్దుల్లాపూర్‌మెట్ ఒకవైపు వ్యవసాయపు ఊరుగా, మరోవైపు నగరపు అంచుగా ఉండటంతో, ఒకే ఇంట్లో తెల్లవారుజామున పొలానికో మార్కెట్‌కో వెళ్లేవారూ, రాత్రి డ్యూటీ ముగించుకుని అప్పుడే ఇల్లు చేరేవారూ కనిపిస్తారు. ఇలాంటి ఇళ్లకు ఆన్‌లైన్ చదువు అనువైనదన్న మాట 2020 తర్వాత బాగా వినిపించింది. అయితే తీరిక లేని కుటుంబానికి తగిన చదువు ఎలా ఉండాలన్న ఆలోచన తెలుగు నేలకు అంతకన్నా చాలా పాతది. ఆ చరిత్ర తెలిస్తేనే తెర వల్ల ఒనగూరింది ఏమిటో, ఒనగూరనిది ఏమిటో తేటపడుతుంది.

ఈ ఆలోచనకు తొలి రూపం ‘ప్రైవేటుగా కట్టడం’. అంటే ఏ బడిలోనూ హాజరు లేకుండా ఇంటి దగ్గరే చదువుకుని, రుసుము చెల్లించి, పరీక్షకు మాత్రం నేరుగా కూర్చోవడం. దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ దారినే కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షలో ఉత్తీర్ణురాలయ్యారు. బాల్యవివాహం, స్వాతంత్ర్యోద్యమం, జైలుశిక్షల మధ్య రోజూ బడికి వెళ్లే చదువు ఆమెకు వీలుపడలేదు. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభ, చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలను అదే కాశీ మెట్రిక్‌కు సిద్ధం చేసింది. ఆమె కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలిగా ఉన్న కాలంలోనే, 1958లో, వయోజన స్త్రీల కోసం ‘సంక్షిప్త విద్యాక్రమం’ దేశమంతటా మొదలైంది. ఏళ్ల తరబడి సాగే పాఠశాల చదువును కుదించి, తక్కువ కాలంలో పరీక్షకు తయారుచేసే ఏర్పాటు అది. ఇంటి బాధ్యత మోస్తున్న మనిషి బడి గంటకు అందలేకపోతే తప్పు ఆ మనిషిది కాదని, గంటనే కొంత జరపవచ్చని ఒక ప్రభుత్వ పథకం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. దుర్గాబాయి పేరు చెప్పగానే రాజ్యాంగ సభ, ఆసుపత్రులు గుర్తొస్తాయి గానీ, ఈ పనికి దక్కవలసిన గౌరవం ఇంకా పూర్తిగా దక్కలేదు.

పోస్టు ద్వారా పాఠాలు పంపే కరస్పాండెన్స్ కోర్సు రెండో మెట్టు. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లో ప్రారంభించిన ఈ పద్ధతిని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోను, ఉస్మానియా 1977లోను చేపట్టాయి. ఈలోగా 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు ‘సైట్’ అనే ఉపగ్రహ బోధన ప్రయోగం నడిచింది. అమెరికా ఉపగ్రహం ఒకదాన్ని అరువు తీసుకుని ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపినప్పుడు వాటిలో ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, కార్యక్రమాల తయారీ కేంద్రాల్లో ఒకటి హైదరాబాద్‌లో ఉండేది. ఉదయం బడి పిల్లలకూ, సాయంత్రం ఊరందరికీ ప్రసారాలు సాగేవి. తెర మీద పాఠం తెలుగు పల్లెకు 2020లో కొత్తగా వచ్చింది కాదని చెప్పడానికి ఇదొక్కటి చాలు.

అసలు మలుపు 1982లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 26న నాగార్జునసాగర్‌లో రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయాన్ని ప్రారంభించారు. దేశంలో అదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఎల్బీనగర్ పక్కన సాగర్ రింగ్ రోడ్డు దగ్గర చీలి, ఇబ్రహీంపట్నం మీదుగా పోయే సాగర్ దారికి ఈ సంగతితో ఉన్న చుట్టరికం ఆ దారిన రోజూ తిరిగేవారిలో కూడా ఎందరికో తెలియదు. సార్వత్రికం అన్న మాటను సంస్థ తొలి ఉపకులపతి జి. రాంరెడ్డి నిజమైన అర్థంలో తీసుకున్నారు: నిర్ణీత వయసు నిండినవారు ఇంటర్మీడియట్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలుండేది, పాఠాలు తెలుగులో ఉండేవి, చదువు ముగించడానికి గడువు ఎక్కువ ఉండేది, సందేహాలు తీర్చడానికి ఊరూరి కళాశాలల్లోనే అధ్యయన కేంద్రాలు ఉండేవి. ఆ తర్వాత ఆయన 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ మొదటి ఉపకులపతి అయ్యారు. ఇక్కడి సంస్థకు 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఈ విశ్వవిద్యాలయం గుట్టు రేడియో పాఠంలోనో టీవీ పాఠంలోనో లేదు, ఆదివారంలో ఉంది. వారం దినాల్లో వేరే విద్యార్థులతో నిండే కళాశాల గదులు సెలవు రోజు ఖాళీగా ఉంటాయి కాబట్టి, కొత్త భవనం కట్టకుండా, కొత్త జీతాల భారం పెద్దగా పెట్టుకోకుండా, పని చేసుకునేవారి సెలవు రోజునే తరగతి రోజుగా మార్చారు. ఆ గదిలో బల్లల దగ్గర కూర్చునేది కండక్టరు, గుమాస్తా, అంగన్‌వాడీ టీచరు, పెళ్లై ఇద్దరు పిల్లలున్న గృహిణి. అక్కడక్కడా గీతలు గీసుకున్న పాఠ్యపుస్తకం తెరిచి, వారమంతా దాచుకున్న ప్రశ్నను ఎదురుగా ఉన్న అధ్యాపకుడిని అడిగి, జవాబును పేజీ అంచున రాసుకుని మళ్లీ సోమవారం పనిలోకి వెళ్లేవారు. చదువు వారి ఇంటికి వచ్చింది, అడగడానికి ఒక మనిషి మాత్రం అందుబాటులోనే ఉన్నాడు.

బడి స్థాయిలో ఇదే పని చేయడానికి 1989లో జాతీయ స్థాయిలోను, 1991లో రాష్ట్రంలోను సార్వత్రిక విద్యాపీఠాలు వచ్చాయి. జనం నోట ఇది ‘ఓపెన్ టెన్త్’. జాతీయ సంస్థ పద్ధతిలో అభ్యర్థి ఒక్కసారే అన్ని సబ్జెక్టులూ గట్టెక్కాలన్న నియమం లేదు. ఏడాదికి రెండు సార్లు జరిగే పరీక్షల్లో ఉత్తీర్ణమైన సబ్జెక్టు ఖాతాలో నిలిచి ఉంటుంది, మిగిలినవి ఐదేళ్ల లోపు పూర్తి చేసుకోవచ్చు. పెళ్లిళ్ల కాలమో పంట కాలమో అడ్డొస్తే ఏడాదంతా పోయినట్టు కాకుండా ఒక్క విడత మాత్రమే వాయిదా పడుతుంది. ‘ఓపెన్’ అన్న మాటను కాస్త చులకనగా పలికేవారికి ఈ నిదానపు విలువ అర్థం కాలేదనే చెప్పాలి.

ఈ నేపథ్యంలో 2020ని చూస్తే బొమ్మ తారుమారవుతుంది. కోవిడ్ వల్ల మార్చి 16 నుంచి తెలంగాణ బడులు మూతపడ్డాయి, పదో తరగతి వార్షిక పరీక్షలు మధ్యలోనే ఆగి, చివరికి అంతర్గత మార్కులతో అందరినీ ఉత్తీర్ణులుగా ప్రకటించారు. సెప్టెంబరు 1 నుంచి మూడో తరగతి మొదలు పదో తరగతి వరకు ప్రభుత్వ బడుల పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో మొదలయ్యాయి. ప్రైవేటు బడులు చాలావరకు ఫోన్ తెరల మీద నేరుగా తరగతులు నడిపాయి. ఈ రెండో పద్ధతి బడి భవనాన్ని తీసేసింది గానీ బడి గంటను అలాగే ఉంచింది. ఉదయం తొమ్మిదికి గణితం అంటే తొమ్మిదికే ఫోన్ ఉండాలి. ఆ ఫోన్ అదే వేళకు తండ్రి డ్యూటీకి వెళ్తే ఆయనతో పోతుంది, ఇద్దరు పిల్లలుంటే ఒకరి తరగతి పోతుంది. తెర ముందు కూర్చోబెట్టి, మైకు ఆపించి, నెట్ బ్యాలెన్స్ చూసే బాధ్యత ఎక్కువగా తల్లుల మీద పడింది. దూరం తగ్గించిన సాంకేతికత వేళను సడలించలేదు, అందుకే తీరిక లేని ఇంటికి అది కొత్త డ్యూటీ అయింది. బడులు మూతబడి జీతాలు ఆగిన ప్రైవేటు ఉపాధ్యాయులకు 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చిందంటే, ఆ కాలపు చదువు భారం ఎన్ని ఇళ్ల మీద పడిందో ఊహించవచ్చు.

అదే సమయంలో మరో రకం ఆన్‌లైన్ చదువు పెద్ద ప్రచారం లేకుండానే కుటుంబాలకు పనికొచ్చింది: రికార్డు చేసి ఉంచిన పాఠం. టీ-శాట్ పాఠాలు చానల్‌తో పాటు యాప్‌లోనూ, యూట్యూబ్‌లోనూ నిలిచి ఉండటంతో, తండ్రి రాత్రి ఇంటికి వచ్చాక ఫోన్ చేతికిస్తే పిల్లవాడు అప్పుడే పాఠం తెరిచి, అర్థం కానిచోట ఆపి, వెనక్కి జరిపి మళ్లీ చూసుకోగలిగాడు. నాలుగు దశాబ్దాల కిందట పోస్టులో వచ్చిన పాఠ్యపుస్తకం ఇచ్చిన వెసులుబాటు ఇదే. ఆ పుస్తకానికి తోడుగా ఉన్న ఆదివారపు గది మాత్రం ఈసారి చాలామందికి దొరకలేదు. పోటీ పరీక్షలకు చదివే యువత కోసం దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లు 2020 తర్వాత ఆన్‌లైన్ తరగతులతో పాటు నేరుగా సందేహాలు తీర్చే గంటలను కూడా నడిపాయి. ఎదురుగా ఒక మనిషి ఉండాలన్న అవసరాన్ని మార్కెట్ అంత తొందరగా గుర్తించింది. ఫీజు కట్టగలిగిన ఇంటికి అందిన ఆ గంట, బాటసింగారం మార్కెట్‌లో బుట్టలు మోసే మనిషి పిల్లకు అందాలంటే, ఊళ్లోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల గది ఆదివారం తెరవాలి. తెలంగాణ సార్వత్రిక విద్యాపీఠం అధ్యయన కేంద్రాలు సెలవు దినాల్లో కాంటాక్ట్ తరగతులు పెట్టేది ఇలాంటి గదుల్లోనే.